మే ఎండల్లో సీపీయూ కూలర్ పరీక్ష: హనుమకొండలో నేను కొలిచిన తీరు

కొత్త సీపీయూ కూలర్ (కంప్యూటర్ ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాన్, లోహపు రెక్కల అమరిక) ఎలా ఉందని అడిగితే చాలామంది ఒకే అంకె చెప్తారు: "ఫుల్ లోడ్‌లో 72". ఆ 72 ఎంత వేడి గదిలో వచ్చింది, ప్రాసెసర్ ఎన్ని వాట్లు లాగుతుంటే వచ్చింది, ఫ్యాన్ ఎంత వేగంలో తిరుగుతుంటే వచ్చింది? ఈ మూడూ చెప్పకపోతే ఆ అంకెతో మనకు పనిలేదు. యూట్యూబ్‌లో చూసే పరీక్షలు చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. మన దగ్గర మే నెల మధ్యాహ్నం, పై అంతస్తులో స్లాబు కింద గది 37, 38 దగ్గర ఉంటుంది. అంటే ప్రాసెసర్ మీద ఏ పనీ పెట్టకముందే 13, 15 డిగ్రీలు మీద పడ్డట్టే. వరంగల్ అయినా, రామగుండం అయినా, మంచిర్యాల అయినా మన ఎండకు మనమే కొలుచుకోవాలి. నేను కొలిచిన పద్ధతి, వచ్చిన లెక్క, ఎక్కడెక్కడ తేడా కొడుతుందో రాస్తున్నాను.

పరీక్ష చేసింది పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కు వాడే సిస్టమ్ మీద. ఇంటెల్ కోర్ ఐ7-12700 ప్రాసెసర్, బీ660 మదర్‌బోర్డు, 16 జీబీవి రెండు ర్యామ్‌లు, ఒక గ్రాఫిక్స్ కార్డు, ముందొకటి వెనకొకటి 120 మి.మీ. ఫ్యాన్లున్న మామూలు క్యాబినెట్. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాల పని అంతా సరిగ్గా ఎండాకాలంలోనే వచ్చి పడుతుంది. ఎక్స్‌పోర్ట్ పెడితే గంటల తరబడి కోర్లన్నీ పనిలోనే ఉంటాయి. గేమింగ్‌లో ఇలాంటి లోడు ఉండదు. అక్కడ కాసేపు పెరుగుతుంది, కాసేపు తగ్గుతుంది. ఎక్స్‌పోర్ట్‌లో ప్రాసెసర్‌కు ఊపిరి తీసుకునే సందు ఉండదు, కాబట్టి కూలర్ అసలు సత్తా అక్కడే తెలుస్తుంది.

ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన బేస్ పవర్ 65 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్, అంటే పూర్తి వేగంలో లాగేది, 180 వాట్లు. బాక్సులో వచ్చే లామినార్ ఆర్ఎం1 కూలర్ (దీన్నే స్టాక్ కూలర్ అంటున్నాను) మొదటి అంకెకు సరిపోతుంది, రెండో అంకెకు సరిపోదు. చిక్కెక్కడంటే, చాలా బోర్డులు బయోస్‌లో (బోర్డులోనే ఉండే సెట్టింగ్‌ల ప్రోగ్రాం) పవర్ లిమిట్లను మొదటి నుంచే వదిలేసి పెడతాయి. ప్రాసెసర్ 180 వాట్ల వైపు పరుగెత్తుతుంది, కూలర్ ఆపలేదు, 100 డిగ్రీలు తగలగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చెడిపోదు, కానీ డబ్బు పెట్టి కొన్న వేగం చేతికి రాదు.

కొత్త కూలర్ ఒకే టవర్‌ది. 6 మి.మీ. మందం హీట్‌పైపులు (వేడిని రెక్కలకు చేరవేసే గొట్టాలు) నాలుగు, 120 మి.మీ. ఫ్యాన్ ఒకటి, ఎత్తు 155 మి.మీ. కంపెనీ పేరు రాయడం లేదు. ఒక్క పీసు చూసి మొత్తం మోడల్ మీద తీర్పు చెప్పడం నాకు న్యాయం అనిపించదు. పైగా ఈ తరగతి కూలర్లు మార్కెట్‌లో అయిదారు కంపెనీలవి ఉన్నాయి, తయారీ తీరు ఇంచుమించు ఒకటే.

కొనేముందు కొలవాల్సింది క్యాబినెట్. సైడ్ ప్యానెల్ తీసి, మదర్‌బోర్డ్ మీది నుంచి ప్యానెల్ లోపలి అంచు దాకా స్కేలుతో కొలవండి. ప్రాసెసర్, సాకెట్ ఎత్తు కింద అందులోంచి 8 మి.మీ. తీసేయండి. మిగిలినదాంట్లో కనీసం 3 మి.మీ. ఖాళీ ఉంచుకుని కూలర్ ఎత్తు చూసుకోవాలి. 155 మి.మీ. కూలర్‌కు క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో 160 అని ఉంటే నిశ్చింత. తర్వాత ర్యామ్. పైన రెక్కలున్న ఆర్‌జీబీ ర్యామ్ అయితే కూలర్ ఫ్యాన్ దానికి తగులుతుంది. ఫ్యాన్‌ను క్లిప్పుల మీద 10 మి.మీ. పైకి జరపొచ్చు కానీ అప్పుడు మొత్తం ఎత్తు కూడా అంతే పెరుగుతుంది, ప్యానెల్ మూసుకోదు. మూడోది సాకెట్ కిట్. ఈ ప్రాసెసర్ కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్‌కు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 78 మి.మీ., అంతకుముందు ఎల్‌జీఏ1200, 115ఎక్స్ సాకెట్లకు 75. దూరం ఒక్కటే కాదు, 1700 ప్రాసెసర్ బోర్డు మీద కాస్త కిందికి కూర్చుంటుంది. పాత కిట్‌తో ఎలాగో బిగించినా కింద పలక సరిగా ఆనదు. షాపులో డబ్బా విప్పించి 1700 అని గుర్తున్న బ్రాకెట్లు, స్టాండాఫ్‌లు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చుకునేవాళ్లయితే మరీ ముఖ్యం. చిన్న స్క్రూ తక్కువైందని మళ్లీ కాజీపేటలో రైలెక్కాల్సి వస్తుంది.

ఇక కొలత. పాత కూలర్ విప్పకముందే దాని లెక్క తీసుకోవాలి. ముందు లెక్క లేకపోతే తర్వాతి లెక్కకు విలువ లేదు.

గది వేడి కొలవడానికి వైరు చివర ప్రోబ్ ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్ చాలు, అక్వేరియంలో వాడే రకం. కొన్నాక దాన్ని నమ్మే ముందు ఒకసారి సరిచూడాలి: గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, ఐసు మునిగేంత నీళ్లు పోసి, బాగా కలిపి ప్రోబ్ ముంచితే 0 దగ్గర ఆగాలి. 1 అని చూపిస్తే ఆ 1 ప్రతి కొలతలోంచీ తీసేయాలి. ప్రోబ్‌ను గోడకు వేలాడదీస్తే గది వేడి తెలుస్తుంది గానీ కూలర్ పీల్చే గాలి వేడి తెలియదు. నేను రెండు థర్మామీటర్లు పెట్టాను. ఒకటి క్యాబినెట్ ముందు భాగంలో, గాలి లోపలికి పోయేచోట. రెండోది క్యాబినెట్ లోపల, సీపీయూ ఫ్యాన్‌కు ముందు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, ఏ లోహానికీ తగలకుండా గాలిలో. ఈ రెండో ప్రోబ్ చెప్పే సంగతులే అసలైనవి. ఎందుకో కింద చెప్తాను.

సాఫ్ట్‌వేర్‌లో సెన్సార్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 ఒక్కటి తెరిస్తే చాలు. రెండు మూడు మానిటరింగ్ ప్రోగ్రాములు ఒకేసారి తెరిస్తే సెన్సార్ల దగ్గర ఒకదానికొకటి అడ్డొచ్చి ఫ్యాన్ ఆర్‌పీఎం పిచ్చి అంకెలు చూపించవచ్చు. చూడాల్సినవి అయిదు: సీపీయూ ప్యాకేజ్ టెంపరేచర్, సీపీయూ ప్యాకేజ్ పవర్, కోర్ ఎఫెక్టివ్ క్లాక్ (కోర్లు నిజంగా నడిచే వేగం), థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి ప్రాసెసర్ వేగం తగ్గించుకోవడం) అవునా కాదా, సీపీయూ ఫ్యాన్ ఆర్‌పీఎం. లాగింగ్ ఆన్ చేస్తే సీఎస్‌వీ ఫైల్ తయారవుతుంది, తర్వాత ఎక్సెల్‌లో తెరిచి సగటు తీసుకోవచ్చు. ఏఎండీ రైజెన్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. కొన్ని బోర్డులు ప్రాసెసర్‌కు కరెంటు లెక్క తక్కువ చేసి చెప్తాయి. అందుకే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పవర్ రిపోర్టింగ్ డీవియేషన్ అని ఒక అంకె ఉంటుంది. ఫుల్ లోడ్‌లో అది 100 శాతం దగ్గర లేకపోతే ఆ వాట్లను నమ్మొద్దు.

లోడుకు రెండు వాడాను. సినీబెంచ్ ఆర్23ని పది నిమిషాల పరీక్షగా నడిపితే స్కోరు వస్తుంది, నిజమైన రెండరింగ్‌కు దగ్గరగా ఉంటుంది. కానీ ఒక రెండర్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే ఆ క్షణంలో వేడి దిగుతుంది, గ్రాఫ్ రంపపు పళ్లలా వస్తుంది. నిలకడైన వేడి కావాలంటే ప్రైమ్95 అనే ప్రోగ్రాంలో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అనే పరీక్ష. ఇది మామూలు పనిలో ఎప్పుడూ రానంత భారం. దీంతో వచ్చిన వేడి చూసి కంగారు పడక్కర్లేదు, కూలర్లను పోల్చడానికి మాత్రం ఇంతకంటే నిలకడైన లోడు లేదు. టవర్ కూలర్‌లోని లోహం మొత్తం వేడెక్కి నిలకడకు రావడానికి అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. క్యాబినెట్ లోపలి గాలి నిలకడకు రావడానికి ఇంకా ఎక్కువ. అందుకే ఒక్కో పరీక్ష అరగంట నడిపి, చివరి అయిదు నిమిషాల సగటు మాత్రమే రాసుకున్నాను. రెండు నిమిషాలు నడిపి స్క్రీన్‌షాట్ తీసే పరీక్షలతో చిన్న కూలర్ కూడా పెద్ద కూలర్‌లా కనిపిస్తుంది.

వాట్లు కట్టేయడం ఇందులో కీలకం. బయోస్‌లో లాంగ్ డ్యూరేషన్ పవర్ లిమిట్, షార్ట్ డ్యూరేషన్ పవర్ లిమిట్ అని రెండు ఉంటాయి. రెంటికీ ఒకే అంకె ఇవ్వాలి. మొదట 65, తర్వాత 125, ఆఖరున 180. అప్పుడు రెండు కూలర్లకూ ఒకే బరువు ఎత్తినట్టు అవుతుంది. లిమిట్ పెట్టకుండా పోలిస్తే ఏమవుతుందో చూడండి: స్టాక్ కూలర్ మీద ప్రాసెసర్ వేగం తగ్గించుకుని 100 డిగ్రీల దగ్గర ఉంటుంది, మంచి కూలర్ మీద పూర్తి వేగంతో పరుగెత్తి అదీ 95, 100 దగ్గరే ఉంటుంది. డిగ్రీలు మాత్రమే చూసినవాళ్లు "అయిదు డిగ్రీలకు ఇంత డబ్బా" అనుకుంటారు. వాట్లు పక్కన పెట్టి చూస్తే అదనంగా 60, 70 వాట్లు మోస్తోందని తెలుస్తుంది.

గది విషయంలో మన దగ్గర రెండు జాగ్రత్తలు. సీలింగ్ ఫ్యాన్ కింద సైడ్ ప్యానెల్ తీసి పరీక్షిస్తే అది కూలర్ పరీక్ష కాదు, సీలింగ్ ఫ్యాన్ పరీక్ష. ప్యానెల్ మూసే కొలవాలి, ఎందుకంటే వాడేది మూసే. ఇక కూలర్ గాలి, అదే గడ్డి మ్యాట్లూ నీళ్లూ ఉండే ఎయిర్ కూలర్. గది చల్లబరచడానికి అది మంచిదే, కానీ దాని గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకూడదు. ఆ గాలిలో సన్నటి తుంపర ఉంటుంది. మన బోరు నీళ్లలోని ఉప్పు బోర్డు మీదా, హీట్‌సింక్ రెక్కల మీదా తెల్లటి పొడిలా పేరుకుంటుంది. తలుపులన్నీ మూసిన చిన్న గదిలో ఇంకో సంగతి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిపి 300 వాట్లు తింటే అదంతా గదిలోకి వేడిగానే వస్తుంది. అరగంటలో గదే రెండు డిగ్రీలు పెరుగుతుంది. అందుకని ప్రోబ్ అంకె పరీక్ష మొదట్లో ఒకసారి చూసి వదిలేయకుండా చివరి అయిదు నిమిషాల్లోనూ రాసుకోవాలి.

స్టాక్ కూలర్ లెక్క ఇలా వచ్చింది. ఫ్యాన్ పూర్తి వేగంలో, సీపీయూ ఫ్యాన్ ముందు గాలి 38 డిగ్రీలు. 65 వాట్ల దగ్గర ప్యాకేజ్ 76 దగ్గర నిలిచింది, అంటే గాలి మీద 38 ఎక్కువ. 125 వాట్లు పెడితే నాలుగు నిమిషాల్లోపే 100 తగిలింది, థ్రాట్లింగ్ మొదలైంది, పవర్ 107 వాట్ల దగ్గరికి దిగింది. 180 పెట్టినా అదే 107 దగ్గర తేలింది. ఈ గాలిలో ఆ కూలర్ మోయగలిగింది అంతే.

విప్పడం. లామినార్ కూలర్‌కు నాలుగు పుష్ పిన్నులు. పిన్ను తలను బాణం గుర్తు వైపు పావు వంతు తిప్పి పైకి లాగాలి. విప్పే ముందు అయిదు నిమిషాలు లోడు పెట్టి ఆపితే పేస్ట్ (ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడి దాటడానికి మధ్యలో పూసేది) మెత్తబడుతుంది, సులువుగా ఊడుతుంది. ఏఎండీ ఏఎం4 సాకెట్ వాళ్లకు ఇది తప్పనిసరి. అందులో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా పైకి లాగితే ఎండిపోయిన పేస్ట్ ప్రాసెసర్‌ను సాకెట్‌లోంచి పీక్కుని వస్తుంది, పిన్నులు వంగుతాయి. వెచ్చగా ఉండగానే కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ ఊడదీయాలి. ఏఎం4 బోర్డు వెనక ప్లేటు, దాని స్క్రూలు పారేయొద్దు. చాలా కూలర్లు ఆ పాత ప్లేటు మీదే కూర్చుంటాయి. ఇంటెల్‌కు కొత్త కూలర్‌తో వెనక ప్లేటు విడిగా వస్తుంది.

పాత పేస్ట్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ. పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు. తుడిచాక ప్రాసెసర్ పలక మీద వేలు పెట్టకూడదు, వేలి జిడ్డు కూడా అడ్డమే. కొత్త కూలర్ కింద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. అది పీకకుండా బిగించిన సిస్టమ్‌లు సర్వీసుకు వస్తూనే ఉంటాయి. లోడు పెట్టిన క్షణాల్లో 100 తగలడం దాని లక్షణం.

పేస్ట్ ఎంత వేయాలన్నది కింద పలకను బట్టి. నున్నటి రాగి పలక అయితే ప్రాసెసర్ నడిమధ్య పెద్ద బఠాణీ అంత చుక్క చాలు. ఎల్‌జీఏ1700 ప్రాసెసర్ చదరం కాదు, 45 మి.మీ. పొడవు, 37.5 మి.మీ. వెడల్పు. అందుకని చుక్క కంటే పొడవు వెంట ఒక గీత, దానికి రెండు వైపులా చిన్న చుక్కలు వేస్తే మూలల దాకా పాకుతుంది. నా కూలర్‌కు హీట్‌పైపులే నేరుగా ప్రాసెసర్‌కు ఆనుతాయి, పైపుకూ పైపుకూ మధ్య సన్నటి గాడులున్నాయి. ఇలాంటివాటికి ముందు పాత ఏటీఎం కార్డు అంచుతో ఆ గాడుల్లోకి కొద్దిగా పేస్ట్ మెత్తి, పైన మిగిలినది గీకేసి, ఆ తర్వాత ప్రాసెసర్ మీద గీతలు వేయాలి. లేకపోతే పేస్ట్ గాడుల్లోకి పోయి పైపుల కింద చాలదు. ఎక్కువ వేస్తే ప్రాణహాని ఏమీ లేదు, బిగించినప్పుడు అదనం పక్కలకు వచ్చేస్తుంది. తక్కువ వేస్తేనే నష్టం.

బిగించేటప్పుడు ఒక స్క్రూ పూర్తిగా తిప్పి రెండోదానికి పోవద్దు. రెండు చుట్లు ఇటు, రెండు చుట్లు అటు. పొడవాటి స్టార్ స్క్రూడ్రైవర్ కావాలి, పొట్టిది రెక్కల మధ్యలోంచి అందదు. స్ప్రింగు స్క్రూలు కదా, ఒక చోట ఠక్కున ఆగిపోతాయి. అక్కడితో ఆపాలి, ఇంకా బలం పెడితే వెనక ప్లేటు మరలు పాడవుతాయి. ఫ్యాన్ ర్యామ్ వైపు, గాలి వెనక ఎగ్జాస్ట్ వైపు పోయేలా ఉండాలి. ఫ్యాన్‌లో మోటారును పట్టుకునే అడ్డకమ్మీలు ఏ వైపు ఉంటాయో గాలి ఆ వైపు బయటికొస్తుంది. నాలుగు పిన్నుల వైరు సీపీయూ_ఫ్యాన్ అని రాసిన చోటే పెట్టాలి. పక్కన సిస్_ఫ్యాన్‌లో పెడితే చాలా బోర్డులు ఆన్ కాగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని ఆగిపోతాయి.

బిగింపు బాగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి లోడు పెట్టిన మొదటి పది సెకన్లు చాలు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కోర్లు విడివిడిగా చూడండి. పెర్ఫార్మెన్స్ కోర్ల (ఎక్కువ వేగంతో పనిచేసే పెద్ద కోర్లు) మధ్య అయిదారు డిగ్రీల తేడా మామూలే, మధ్యలో ఉన్నవి ఎక్కువ వేడెక్కుతాయి. ఒక పక్క కోర్లు ఇంకో పక్క వాటికంటే 12, 15 డిగ్రీలు ఎక్కువుంటే కూలర్ ఒక వైపుకు ఒరిగి కూర్చున్నట్టు. విప్పి చూస్తే పేస్ట్ అచ్చు చెప్తుంది: బాగా ఆనినచోట పొర పలచబడి కింద లోహం కనిపిస్తుంది, ఆననిచోట మందంగా, ముద్దగా ఉంటుంది. ఎల్‌జీఏ1700లో ఇంకో చిక్కు, సాకెట్ లాచీ మధ్యలో నొక్కడం వల్ల ప్రాసెసర్ పలక సన్నగా వంగుతుంది, కూలర్ మధ్యలో పూర్తిగా ఆనదు. దాన్ని సరిచేసే కాంటాక్ట్ ఫ్రేములు బజార్లో దొరుకుతాయి. ఈ తరగతి కూలర్‌కు, 125 వాట్ల వాడకానికి అది అవసరం అని నేననుకోను. బిగింపు బిగింపుకూ రెండు మూడు డిగ్రీలు మారడం సహజం. అందుకే రెండు పేస్టుల మధ్య రెండు డిగ్రీల తేడా వచ్చిందని ఎవరైనా చెప్తే, తీసి మళ్లీ బిగించి కొలిచారా అని అడగాలి.

ఇప్పుడు కొత్త కూలర్ లెక్క. ఫ్యాన్ 100 శాతం, సుమారు 1800 ఆర్‌పీఎం, ఫ్యాన్ ముందు గాలి మళ్లీ 38. 65 వాట్లకు 61, అంటే గాలి మీద 23. 125 వాట్లకు 83, గాలి మీద 45. 180 పెడితే 100 తగిలి, పవర్ 172 దగ్గర ఆగింది. ఈ అంకెలను వాట్లతో భాగిస్తే ఒక చక్కటి సంగతి బయటపడుతుంది. 45ను 125తో భాగిస్తే 0.36. 23ను 65తో భాగించినా దాదాపు అంతే. 62ను 172తో భాగించినా అంతే. వాటు ఒకటికి 0.36 డిగ్రీలు, ఇదీ ఈ కూలర్ అసలు గుణం. స్టాక్ కూలర్‌కు 0.58. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే ఏ కాలానికైనా లెక్క వేసుకోవచ్చు. జనవరిలో ఫ్యాన్ ముందు గాలి 24 అయితే 180 వాట్ల దగ్గర 24కు 65 కలిపి 89, థ్రాట్లింగ్ లేదు. అదే కూలర్, అదే ప్రాసెసర్, సంక్రాంతికి పూర్తి వేగంతో పోతుంది, రోహిణి కార్తెలో పోదు. డిసెంబర్‌లో కొని బాగుందని సంతోషపడినవాళ్లు మే నెలలో పేస్ట్ ఎండిపోయిందేమో అని విప్పుతారు. పేస్ట్ బాగానే ఉంటుంది, మారింది గాలి.

చప్పుడు సంగతి. ఫోన్‌లో డెసిబెల్ యాప్ చూపే అంకె నిజమైన డెసిబెల్ కాదు, దాన్ని వేరేవాళ్ల అంకెతో పోల్చడం దండగ. ఒకే ఫోన్, ఒకే చోటు, రాత్రి సీలింగ్ ఫ్యాన్ ఆపి కొలిస్తే మన రెండు కూలర్ల మధ్య తేడా మాత్రం నమ్మొచ్చు. స్టాక్ కూలర్ చిన్న ఫ్యాన్ పూర్తి వేగంలో సన్నటి ఈలలా కూస్తుంది, అది చెవికి ఎక్కువ బాధ. 120 మి.మీ. ఫ్యాన్ 1800లో కూడా గాలి హోరే తప్ప ఈల లేదు. 1200 ఆర్‌పీఎంకు దించితే 125 వాట్ల దగ్గర వేడి 5 డిగ్రీలు పెరిగింది, చప్పుడు పక్క గదికి వినబడనంత తగ్గింది. అది నాకు మంచి బేరం అనిపించింది.

ఇక రెండో ప్రోబ్ కథ. పైన చెప్పిన లెక్కలన్నీ గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉన్నప్పటివి. అప్పుడు గదికీ, సీపీయూ ఫ్యాన్ ముందు గాలికీ తేడా ఒకటి రెండు డిగ్రీలే. గ్రాఫిక్స్ కార్డు మీద కూడా లోడు పెట్టగానే ఆ తేడా 8కి పోయింది. గది 36.5 ఉంటే సీపీయూ కూలర్ పీలుస్తున్నది 44.5. వాటుకు 0.36 లెక్క మారలేదు, కానీ 125 వాట్లకు 83 రావాల్సింది 90 వచ్చింది. కూలర్ తప్పు కాదది, క్యాబినెట్ ఊపిరి చాలకపోవడం. ముందు భాగంలో ఇంకో 120 మి.మీ. ఫ్యాన్ బిగిస్తే ఆ 8 కాస్తా 4 అయింది, ప్రాసెసర్ 86కు దిగింది. అదే తేడా కూలర్ మార్చి తేవాలంటే దీనికంటే పెద్దది, ఖరీదైనది కొనాలి. ముందు పలక మొత్తం గాజుతో మూసేసిన క్యాబినెట్లు చూడ్డానికి అందంగా ఉంటాయి, మన ఎండకు మాత్రం నేను వద్దనే చెప్తాను. జాలీ ఉన్నదే తీసుకోండి.

కూలర్ మార్చాక ఫ్యాన్ కర్వ్‌ను (ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగం అనే సెట్టింగ్) స్టాక్ కూలర్‌తో ఎలా ఉందో అలాగే వదిలేయకూడదు. బోర్డు ఇచ్చే కర్వ్ చాలావరకు 40 డిగ్రీల నుంచే వేగం పెంచడం మొదలుపెడుతుంది. మన గదే 37 ఉంటే ఖాళీగా ఉన్న ప్రాసెసర్ 46, 48 దగ్గర ఉంటుంది, ఫ్యాన్ ఊరికే పైకీ కిందికీ ఊగుతుంది. ఖాళీ ప్రాసెసర్ గది వేడి కంటే చల్లగా ఉండడం ఏ గాలి కూలర్‌తోనూ కుదరదు. ఎక్కడైనా గది 36 ఉండి ప్రాసెసర్ 32 అని చూపిస్తే సెన్సార్ తప్పు చెప్తోంది. నేను పెట్టిన కర్వ్: 60 డిగ్రీల దాకా 40 శాతం, 75కు 65, 85కు 100. స్టెప్ అప్ టైమ్ అనే సెట్టింగ్ నాలుగైదు సెకన్లు ఉంచితే బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఫ్యాన్ అరవదు.

పవర్ లిమిట్ విషయంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా నా సలహా సూటిగా ఒకటే: 125 వాట్లకు కట్టేయండి. సినీబెంచ్ స్కోరు 180తో పోలిస్తే పదో వంతు కూడా తగ్గలేదు, వేడి మాత్రం 17 డిగ్రీలు తగ్గింది. రెండు గంటల ఎక్స్‌పోర్ట్‌కు పది నిమిషాలు ఎక్కువ పడుతుందేమో, ఆ పది నిమిషాల కోసం ప్రాసెసర్‌నూ పక్కన ఉండే వీఆర్ఎంనూ (ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) 100 డిగ్రీల దగ్గర ఉడికించడం తెలివైన పని కాదు. ఏఎండీ వాళ్లు ఇదే పనిని బయోస్‌లో ఎకో మోడ్‌తో చేయొచ్చు.

యూపీఎస్ మీద పరీక్ష పెట్టేవాళ్లకు ఒక మాట. మన దగ్గర ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెంటి మీదా లోడు పెట్టినప్పుడు కరెంటు పోతే ఓవర్‌లోడ్ అయి టక్కున ఆగిపోతుంది, లాగ్ ఫైల్ పోవడమే కాదు, తెరిచి ఉన్న ప్రాజెక్టు కూడా పోతుంది. స్ట్రెస్ టెస్ట్ ముందు అన్నీ సేవ్ చేసి మూసేయండి.

చివరిది దుమ్ము. గోదావరిఖని వైపు బొగ్గు పొడి, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ పొడి, ఇక్కడ ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి సీజన్‌లో గాల్లో తేలే నూగు. మామూలు దుమ్ము రెక్కల మీద పొరలా కూర్చుంటుంది. పత్తి నూగు అలా కాదు, ఫ్యాన్‌కూ రెక్కలకూ మధ్య గుడ్డ పరిచినట్టు అల్లుకుపోతుంది. ఫ్యాన్ ఆర్‌పీఎం మామూలుగానే చూపిస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఏమీ తెలియదు, గాలి మాత్రం అవతలికి పోదు. దీన్ని పట్టుకునేది కూడా ఆ వాటుకు ఇన్ని డిగ్రీల లెక్కే. పత్తి సీజన్ అయ్యాక అదే 125 వాట్లు, అదే ఫ్యాన్ వేగం పెట్టి అరగంట నడిపి చూడండి. 0.36 ఉన్నది 0.42 అయిందంటే ఫ్యాన్ క్లిప్పులు తీసి రెక్కలు చూడాల్సిందే. నూగును బ్లోయర్‌తో ఊదితే ఇంకా లోపలికి పోతుంది. ముందు మెత్తటి పెయింట్ బ్రష్‌తో పైకి లాగి తీసేసి, ఆ తర్వాతే వెనక నుంచి ముందుకు ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే బ్లోయర్ గాలికి ఫ్యాన్ దాని హద్దు దాటి తిరిగి బేరింగ్ పాడవుతుంది. ముందు ఫిల్టర్ జాలీ విడిగా తీసి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టి, మళ్లీ అరగంట నడిపి అంకె 0.36కు వచ్చిందో లేదో రాసుకోండి. శుభ్రం చేశాక కూడా రాకపోతే అప్పుడు పేస్ట్ మార్చండి.